మామా, ఈ సొనాటా ఒక్కటి విను

ఒరేయ్ మామా,

పాశ్చాత్య సంగీతం వింటే నిద్రొస్తుందన్నావుగా, దానికే ఈ జవాబు. డొమెనికో స్కార్లాటీ అనే ఇటలీ స్వరకర్త డి మైనర్ అనే స్వరశ్రేణిలో రాసిన సొనాటా (పాట లేకుండా వాద్యం మీద వాయించే రచన) ఒకటుంది. విని పడుకో చూద్దాం! ఆయన సొనాటాలు 555 ఉన్నాయి కాబట్టి పేరుతో వెతికితే దొరకదు, కె.141 అని కొట్టు. ఆ ‘కె’ అంటే కిర్క్‌పాట్రిక్. ఆ అమెరికన్ పండితుడు 1953లో వేసిన జాబితాలోని నంబర్లే ఇప్పటికీ వాడుతున్నారు.

మొదలవడమే కుడిచెయ్యి ఒకే స్వరాన్ని టకటకమని వాయిస్తుంది. ఒక్క వేలితో అంత వేగం రాదు, ఒకే మెట్టు మీద మూడు వేళ్లు వంతులేసుకుని పడాలి. అసలు చిక్కు వాద్యంలోనే ఉంది. ఇది రాసింది హార్ప్సికార్డ్ అనే పాతకాలపు మెట్ల వాద్యానికి, అందులో పియానోలా సుత్తి కొట్టదు. మెట్టు నొక్కితే ఒక చెక్కపుల్ల పైకి లేస్తుంది, దానికున్న పక్షి ఈక ముక్క తీగని మీటుతుంది. ఆ పుల్ల మళ్లీ తీగ కిందకి దిగితేనే రెండో మీటు. ఇంత పరుగులో అది ప్రతిసారీ దిగాలి!

ఇంకో సంగతి. ఎంత గట్టిగా నొక్కినా శబ్దం పెరగదు. మరి జోరు ఎలా తెప్పించాడనుకున్నావ్? ఎడమచేతికి గుప్పెడు స్వరాలు ఒకేసారి ఇచ్చాడు, అందులో పొసగని స్వరాలు కూడా కావాలనే ఇరికించాడు. చెవికి గరగరమంటూ తగులుతాయి. గిటారు తీగలన్నిటినీ ఒక్క ఊపులో గీసినట్టుంటుంది. ఊరికే అనడం లేదు, ఆయన బతికిన చోటు అలాంటిది. పుట్టింది 1685లో నేపుల్స్‌లో (మహా స్వరకర్తలు బాహ్, హ్యాండెల్ పుట్టింది కూడా ఆ ఏడాదే), కానీ పోర్చుగల్ రాకుమారి మరియా బార్బరాకి సంగీతం నేర్పడానికి లిస్బన్ వెళ్లాడు. 1729లో ఆమె స్పెయిన్ యువరాజుని పెళ్లాడి వెళ్తే, గురువుగారూ వెనకాలే వెళ్లిపోయాడు. 1757లో పోయేదాకా ఉన్నది స్పెయిన్‌లోనే. చెవిన పడ్డ గిటార్ల మోత చేతిలోకి రాకుండా ఉంటుందా?

ఇవన్నీ ఆ శిష్యురాలు వాయించేదంటే ఆవిడ చెయ్యి ఎంత సాధన చేసినదో ఊహించుకో. ఈయన స్వహస్తంతో రాసిన సొనాటా ప్రతులు మాత్రం దొరకలేదు. తర్వాత స్పెయిన్ రాణి అయిన ఆ శిష్యురాలి కోసం ఎత్తిరాసిన ప్రతుల వల్లే చాలావరకు మనదాకా వచ్చాయి. అవి ఆమె తర్వాత గాయకుడు ఫారినెల్లి చేతికెళ్లి, చివరికి వెనిస్ గ్రంథాలయం చేరాయి.

మార్తా ఆర్గరిచ్ దీన్ని పియానో మీద ఉతికి ఆరేస్తుంది. అద్భుతమే, కాదనను. కానీ పియానో మీద ఆ గరగర కాస్త నునుపెక్కిపోతుందని నా గోల. అందుకే ముందు జాఁ రోండో హార్ప్సికార్డ్ వీడియో చూడు, ఆవిడ దగ్గరికి తర్వాత వెళ్లు. హెడ్‌ఫోన్స్ పెట్టుకో, లేకపోతే రేకుల మీద వడగళ్లు పడుతున్నాయని చెల్లెమ్మ పరిగెత్తుకొస్తుంది. విన్నాక ఇద్దరిలో ఎవరు గెలిచారో రాయి. ఆర్గరిచ్ అన్నావో, నీతో పెద్ద గొడవే!

నీ
మామ