ఒక్క అంకెతో నెట్‌వర్క్ స్పీడ్ తేలదు

సంపాదకులకు నమస్కారం.

మొబైల్ నెట్‌వర్క్ వేగం గురించి రాసేటప్పుడు ఒకే ఒక్క అంకె వేయడం నాకు బాధగా ఉంటుంది. ఏడాదిగా నేను రోజుకు మూడుసార్లు, అదే ఫోన్‌తో, అదే కిటికీ దగ్గర నిలబడి డౌన్‌లోడ్, అప్‌లోడ్, లేటెన్సీ (అడిగినదానికి జవాబు రావడానికి పట్టే ఆలస్యం) కొలిచి నోట్‌బుక్‌లో రాసుకుంటున్నాను. తెల్లవారుజామున 5 గంటలకు, రాత్రి 9 గంటలకు వచ్చే ఫలితాలు పక్కపక్కన పెడితే ఇవి ఒకే నెట్‌వర్క్‌వంటే నమ్మలేం. సిగ్నల్ గీతలు మాత్రం రెండుసార్లూ నిండుగానే ఉంటాయి. అవి సిగ్నల్ బలాన్ని చెబుతాయి, ఆ టవర్‌ను అప్పుడు ఎంతమంది పంచుకుంటున్నారో చెప్పవు.

మధ్యలో ఒక వారం కొత్త ఫోన్‌తో కూడా కొలిచాను. వేగం బాగా పెరిగింది. నెట్‌వర్క్ బాగుపడిందనుకుని సంతోషించాను. పాత ఫోన్ తీసి చూస్తే ఏ మార్పూ లేదు! కొత్తది ఎక్కువ బ్యాండ్లను, అంటే సిగ్నల్ వచ్చే ఫ్రీక్వెన్సీ పట్టీలను, కలిపి వాడుకోగలదు, తేడా అక్కడిదే. మరి ఏటేటా వేగం పెరిగిందంటే అందులో టవర్ల వాటా ఎంత, జనం కొన్న కొత్త ఫోన్ల వాటా ఎంత?

మెజర్‌మెంట్ ల్యాబ్ అనే సంస్థ 2009 నుంచి ఇంటర్నెట్ కొలతల డేటాను అందరికీ అందుబాటులో ఉంచుతోంది. మీరు అంకె వేసినప్పుడు ఏ వేళ కొలిచారో, ఏ ఫోన్లతోనో, అది సగటో మధ్యగతమో (ఫలితాలను వరుసగా పేర్చితే సరిగ్గా మధ్యలో ఉండేది) కూడా దయచేసి వేయండి.

– ఒక పాఠకురాలు