పిన్‌కోడ్ నడిమధ్యన ఇల్లుండదు

సంపాదకులకు,

పార్సిల్ బళ్లకు దారి చూపే యాప్ శ్రీకాకుళంలో తప్పేది ఎక్కువగా చిరునామా దగ్గరే. ‘రామాలయం వెనక వీధి’ అంటే దానికి అర్థం కాదు. పిన్‌కోడ్ ప్రాంతం నడిమధ్యన గుర్తు పెట్టేస్తుంది. అక్కడ చెరువుండొచ్చు, చేనుండొచ్చు. నాగావళికి అటూ ఇటూ ఉన్న ఇళ్లను తిన్నగా గీత గీసి కొలిస్తే పక్కపక్కనే కనబడతాయి. వంతెన చుట్టు లెక్కకు రాదు.

ఇక సమయం. ఇంటికి 2 నిమిషాలు వేస్తే, మెట్లెక్కి, ఓటీపీ అడిగి, డబ్బు తీసుకునేసరికి 4 పడుతుంది. 60 పార్సిళ్లకు 2 గంటలు అక్కడే పోయాయి. ఆలస్యం మాత్రం డ్రైవరు ఖాతాలో!

మొదటి డెలివరీ అప్పుడే గుమ్మం ముందు లొకేషన్ భద్రపరిచి, తర్వాత అదే వాడాలి. అక్షాంశ రేఖాంశాల్లో దశాంశం తర్వాత 5 అంకెలు ఉంచాలి. 3 అంకెలకే కోసేస్తే గుర్తు వంద మీటర్లు పక్కకు పోవచ్చు.

– డెలివరీ డ్రైవర్లు, శ్రీకాకుళం