తిరుపతి ఏఆర్‌టీ కేంద్రంలో నాకు అండగా నిలిచినవారికి కృతజ్ఞతలు

నేను తొమ్మిదేళ్లుగా హెచ్‌ఐవీకి తిరుపతిలోని ప్రభుత్వ ఏఆర్‌టీ (హెచ్‌ఐవీని అదుపులో ఉంచే మందుల చికిత్స) కేంద్రంలో మందులు తీసుకుంటున్నాను. గత ఏడాది నన్ను కమ్ముకున్న కుంగుబాటు నుంచి గట్టెక్కించినవారికి నాలుగు మాటలైనా రాయకపోతే తప్పవుతుంది. వారి పేర్లు రాస్తే నా పేరూ ఊరూ బయటపడతాయి కనుక రాయలేకపోతున్నందుకు వారు మన్నించాలి.

మొదట కౌన్సెలర్ మేడమ్‌కు. నెలకు ఇచ్చిన 30 మాత్రల డబ్బాలో 11 మిగిలి ఉండటం లెక్కపెట్టి చూసిన ఆమె, ఎందుకు మానేశావని గద్దించకుండా, "నిద్ర పడతా ఉందా అన్నా, అన్నం సయిస్తా ఉందా?" అని అడిగారు. అంతకు నెల ముందు మరోచోట ఒక డాక్టరు ఈ జబ్బున్నవాళ్లకు దిగులు మామూలేనంటూ నిద్రమాత్రలు రాసి పంపేశారు, నేనూ అదే నమ్మాను. ఆ దిగులు వేరే జబ్బనీ, దానికి వేరే మందులున్నాయనీ, వదిలేస్తే ఏఆర్‌టీ మాత్రలు తప్పిపోయి వైరల్ లోడ్, అంటే రక్తంలో వైరస్ మోతాదు, పెరుగుతుందనీ చెప్పి, మానసిక వైద్యుల వద్దకు ఆమే వెంటబెట్టుకుని వెళ్లారు.

ఆ డాక్టరు గారు ముందు నా మందుల చీటీ అడిగి చూశారు. ఒకప్పుడు హెచ్‌ఐవీకి వాడిన ఎఫావిరెంజ్ అనే మందు కొందరికి పీడకలలూ కుంగుబాటూ తెచ్చేదనీ, ఇప్పుడు నేను వేసుకునే మూడు మందుల హెచ్‌ఐవీ మాత్ర టీఎల్‌డీలో అది లేకపోయినా అందులోని డోలుటెగ్రావిర్ కూడా కొందరికి నిద్ర చెడగొడుతుందనీ వివరించి, రాత్రి మాత్రను ఉదయానికి మార్చారు. టీఎల్‌డీతో పేచీ లేని కుంగుబాటు మందు సెర్ట్రలిన్‌ను 25 మిల్లీగ్రాములతో మొదలుపెట్టి 50కి పెంచారు. తొలి వారాల్లో వికారం ఉండవచ్చనీ, గుణం తెలియడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుందనీ ముందే చెప్పకపోయి ఉంటే, పదో రోజుకే ఆ మాత్రలు పారేసి ఉండేవాణ్ని.

ఆ వికారానికి మెడికల్ షాపులో యాసిడిటీ మందు కొని తాగుతున్నానని మాటవరసకు అంటే ఉలిక్కిపడిన ఫార్మసిస్టు గారికీ నా నమస్కారాలు. అందులోని అల్యూమినియం, మెగ్నీషియం డోలుటెగ్రావిర్‌ను ఒంటికి పట్టనివ్వవట. టీఎల్‌డీ వేసుకున్నాక 2 గంటలు ఆగి ఆ మందు తాగాలనీ, అదే ముందు తాగితే మాత్రకు 6 గంటలు ఆగాలనీ ఆయన చీటీ మీద రాసిచ్చారు. ఆ చీటీ ఇప్పటికీ మా వంటింటి గోడ మీదే ఉంది.

అర్ధరాత్రి 14416కు ఫోన్ చేసినప్పుడు తెలుగులో ఓపికగా మాట్లాడిన టెలిమానస్ (ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్) చెల్లెమ్మకు ఎలా కృతజ్ఞత చెప్పాలో తెలియడం లేదు.

ఐదో వారంలో ఒక ఉదయం మా ఆవిడ ఇచ్చిన కాఫీలో చక్కెర తక్కువైందని అన్నానట. నెలల తరబడి ఏది పెట్టినా రుచి అడగని నేను అలా అన్నందుకు ఆమె ఏడ్చింది. వైరల్ లోడ్ మళ్లీ అదుపులోకి వచ్చింది. బాగున్నా మరికొన్ని నెలలు సెర్ట్రలిన్ వాడాలని, మానేటప్పుడు తామే మెల్లగా తగ్గిస్తామని డాక్టరు గారు చెప్పారు.

ఇక, తొలి రోజు వరుసలో నా పక్కన కూర్చుని పాకాల బస్సుకు 100 రూపాయలిచ్చిన పెద్దాయనకు: ఆ డబ్బు నా జేబులోనే ఉంది, వచ్చే నెల మందులకు వచ్చినప్పుడు కాదనకుండా తీసుకోవాలి.