బర్న్స్‌వార్క్ సీసపు గుండ్లను కదలనివ్వకండి: స్కాట్లండ్ సాంస్కృతిక శాఖ మంత్రికి బహిరంగ లేఖ

మంత్రి గారికి నమస్కారం.

ఈ లేఖ ఇంగ్లీషు ప్రతిని మీ కార్యాలయానికి విడిగా పంపాను. తెలుగులో రాస్తున్నది ఇక్కడ స్థిరపడిన మావాళ్ళ కోసం. సెలవురోజున కొండలెక్కే సరదా వాళ్ళకూ పట్టుకుంది.

చిన్నతనంలో జొన్నచేను కంకి పట్టగానే మంచె ఎక్కి ఒడిసెల తిప్పేవాణ్ణి. రాయి పిట్టకు తగిలింది ఎప్పుడూ లేదు. అది రివ్వుమని పోయే చప్పుడుకే గుంపంతా లేచిపోయేది. ఎకిల్‌ఫెకన్ దగ్గరి బర్న్స్‌వార్క్ కొండ సంగతి విన్నప్పుడు నాకు ఆ చప్పుడే గుర్తొచ్చింది. అక్కడ రోమన్ సైనికులు ఒడిసెలతో విసిరిన సీసపు గుండ్లలో చిన్నవాటికి సుమారు 5 మిల్లీమీటర్ల బెజ్జం ఉంది. అలాంటివి పోతపోసి విసిరి చూస్తే గాలిలో ఝుమ్మన్నాయి. శత్రువును బెదరగొట్టడానికే ఆ బెజ్జమని పరిశోధకుడు జాన్ రీడ్ అంటారు. మా ఊరి పిట్టలైతే వెంటనే ఒప్పుకుంటాయి.

కొండ నెత్తి బల్లపరుపుగా ఉంటుంది. క్రీస్తుకు కొన్ని శతాబ్దాల ముందే స్థానికులు అక్కడ సుమారు 17 ఎకరాల కోట కట్టుకున్నారు. దానికి ఉత్తరాన ఒకటి, దక్షిణాన ఒకటి రోమన్ శిబిరాలు. దక్షిణ శిబిరం అంచున ‘ముగ్గురు సోదరులు’ అనే మూడు మట్టి దిబ్బలు ఇప్పటికీ కోటను గురిచూస్తున్నట్టే ఉన్నాయి.

అసలు తగవు అక్కడేం జరిగిందన్నదే. గుండ్లు పడేనాటికే కోట ద్వారం పాడుబడిందనీ, ఇది సైనికులు గురి నేర్చుకున్న చోటనీ 1960లలో తవ్వకాలు జరిపిన జార్జ్ జోబీ తేల్చారు. 2015 నుంచి రీడ్, ఆండ్రూ నికల్సన్ మెటల్ డిటెక్టర్లతో వెతికితే కోటగోడ పొడవునా గుండ్ల జాడలు బయటపడ్డాయి. క్రీ.శ. 140 ప్రాంతంలో, రోమన్ చక్రవర్తి ఆంటొనైనస్ పయస్ ఏలుబడిలో, ఇది నిజమైన దాడేనని వారి వాదన. నా మొగ్గు వారివైపే. ఖాళీ కోటను బెదరగొట్టడానికి బెజ్జం గుండ్లెందుకు?

ఎవరు గెలిచినా, సాక్ష్యం మాత్రం ఏ గుండు ఎక్కడ పడిందన్నదే. అందుకే రీడ్ బృందం నమూనాకు కొన్నిచోట్లే తవ్వి, చాలావాటిని నేలలోనే ఉంచింది. చీకట్లో డిటెక్టర్ పట్టుకొచ్చేవాడికి ఆ ఓపిక ఉండదు. రక్షిత ప్రదేశంలో అనుమతి లేకుండా డిటెక్టర్ వాడితే నేరమని 1979 నాటి చట్టం చెబుతూనే ఉంది. కానీ ఊరికి దూరంగా, గాలి తప్ప మనిషి అలికిడి లేని కొండ మీద ఆ చట్టాన్ని అమలు చేసేదెవరు? జేబులో వేసుకుపోయిన గుండు తర్వాత దొరికినా, అది ఏ గోడ పక్కన పడిందో చెప్పలేదు.

ఆ చక్రవర్తి హయాంలో రోమన్లు స్కాట్లండ్‌లో కట్టిన ఆంటొనైన్ గోడకు 2008లో యునెస్కో గుర్తింపు వచ్చింది. ఆ గోడ కట్టించిన చక్రవర్తి సైన్యమే దాడి చేసిందంటున్న ఈ కొండకూ అందులో కొంత శ్రద్ధ దక్కాలి. దారి మొదట్లోనే సాదా మాటల్లో హెచ్చరిక ఉండాలి, అప్పుడప్పుడూ కాపలా మనిషి తిరగాలి. మిగిలిన వాలులన్నీ కొలిచి ప్రతి జాడనూ పటంలోకి ఎక్కించడానికి వచ్చే బడ్జెట్‌లో డబ్బు కేటాయించండి. పటం పూర్తయ్యేదాకా గుండ్లను నేలలోనే ఉండనివ్వండి.

జవాబు ఇంగ్లీషులో రాసినా ఫరవాలేదు. మావాళ్ళకు నేను తెలుగు చేసి వినిపిస్తాను.

ఇట్లు,
డంఫ్రీస్ ప్రాంతంలో నివసిస్తున్న ఒక తెలుగువాడు