నౌకాదళ ఓడతో చేపల సర్వే: ముందు చప్పుడు చూడండి

సంపాదకులకు,

నౌకాదళం పక్కన పెట్టే ఓడల్ని చేపల సర్వేకు ఇవ్వొచ్చు కదా అన్న మాట విశాఖలో తరచూ వినిపిస్తుంది. ఇవ్వొచ్చు, కానీ ఏ ఓడ పడితే అది పనికిరాదు. అమెరికా ఈ పని ఏ ఓడలతో చేసిందో చూడండి.

సోవియట్ జలాంతర్గాముల చప్పుడు వినడానికి అక్కడి నౌకాదళం 1980లలో స్టాల్‌వార్ట్ తరగతి నిఘా నౌకలు కట్టించింది. పొడవు 68 మీటర్లు. హైడ్రోఫోన్లు (నీటిలో శబ్దం వినే మైకులు) ఉన్న పొడవాటి కేబుల్‌ను 3 నాట్ల (గంటకు సుమారు 5.5 కిలోమీటర్ల) వేగంతో లాగుతూ తిరగడమే వాటి పని. ప్రచ్ఛన్న యుద్ధం ముగిశాక ఆ పని తగ్గింది. 1990లో చేరిన ‘రిలెంట్‌లెస్’ను 1993లోనే తప్పించారు. అదే 1998లో ‘గోర్డన్ గంటర్’ పేరుతో మత్స్య పరిశోధన నౌక అయింది. మిసిసిపీలోని పాస్కగూలా దాని రేవు. ‘అడ్వెంచరస్’ 2003లో హవాయిలో ‘ఆస్కార్ ఎల్టన్ సెటీ’గా మారింది.

వినడానికి కట్టిన ఓడ తాను మోగకూడదు. అందుకే వీటిలో డీజిల్ ఇంజిన్లు నేరుగా ప్రొపెల్లర్ షాఫ్టుల్ని తిప్పవు. నాలుగు జనరేటర్లు కరెంటు ఇస్తే, మోటార్లు రెండు షాఫ్టుల్ని తిప్పుతాయి. చేపలకు బాగా వినిపించేది 1,000 హెర్ట్జ్ లోపు శబ్దం. ఇంజిన్లు, గేర్ల మోత ఎక్కువగా ఉండేదీ అక్కడే. ఆ మోతకు కవళ్లు, కానాగంతల గుంపు కిందికో పక్కకో తప్పుకుంటే ఎకోసౌండర్ (ధ్వని పంపి, ప్రతిధ్వనితో చేపల్ని పసిగట్టే పరికరం) తెర మీద చిన్నదిగా కనిపిస్తుంది. సముద్రంలో చేప తగ్గిపోయిందని లెక్క రాసేస్తాం. వేట బోటుకు వలలో పడింది చాలు, సర్వే ఓడకు పడని చేపా లెక్కే.

వేగమూ ముఖ్యమే. ట్రాల్ వల (ఓడ వెనక ఈడ్చే వల) లాగేది 3 నాట్లకు అటూఇటూగా. 20 నాట్లు దాటి పరుగెత్తడానికి కట్టిన గస్తీ ఓడను గంటల తరబడి అలా నడిపితే, తక్కువ లోడు మీద డీజిల్ సరిగా కాలదు. పొగగొట్టం, టర్బోచార్జర్ (ఇంజిన్‌లోకి గాలి తోసే పంకా) మసి పడతాయి.

అలాంటి నిఘా ఓడను మార్చాలంటే మొదట కేబుల్ డ్రమ్ము, దాని సరంజామా ఊడదీయాలి. వాటి చోట ట్రాల్ విన్చ్‌లు, వెనక వల ఎత్తే గ్యాంట్రీ, పక్కన నీటి నమూనాల విన్చ్, లోపల చేపల్ని పరీక్షించే వెట్ ల్యాబ్, ఫ్రీజర్లు వస్తాయి. బరువంతా డెక్కు మీదికి చేరుతుంది కాబట్టి ఓడ నిలకడ తేల్చే ఇంక్లైనింగ్ పరీక్ష మళ్లీ చేయాలి: తెలిసిన బరువుల్ని డెక్కు మీద ఒక పక్క నుంచి ఇంకో పక్కకు జరిపి, ఓడ ఎంత ఒరిగిందో లోలకంతో కొలుస్తారు. తేడా వస్తే అడుగున బ్యాలస్ట్ బరువు వేయాలి. కేబుల్ కన్నా వల, దాని నోరు తెరిచి ఉంచే బోర్డులు చాలా ఎక్కువగా గుంజుతాయి. వల సైజును మోటార్ల శక్తిని బట్టి నిర్ణయించాలి తప్ప శాస్త్రవేత్త కోరికను బట్టి కాదు.

ఎకోసౌండర్ ట్రాన్స్‌డ్యూసర్ (ధ్వనిని పంపి, ప్రతిధ్వనిని అందుకునే భాగం) చోటు తప్పితే మాత్రం తర్వాత ఏం చేసినా దండగే. అల రేగినప్పుడు ముందు భాగం నుంచి గాలి బుడగలు ఓడ అడుగున పారి ధ్వనిని మింగేస్తాయి. బుడగలు తగలని చోటు చూసి, అవసరమైతే అడుగు నుంచి కిందికి దింపి బిగించాలి. ఆ తర్వాత 38.1 మి.మీ. టంగ్‌స్టన్ కార్బైడ్ గోళాన్ని మూడు సన్నటి తాళ్లతో ఓడ కింద వేలాడదీసి, దాని ప్రతిధ్వనితో ఎకోసౌండర్ కొలతల్ని సరిచూడాలి (క్రమాంకనం). పాత సర్వే ఓడతో పక్కపక్కనే వలలు లాగి పోల్చకపోతే వెనకటి ఏళ్ల లెక్కలకూ కొత్తవాటికీ పొత్తు కుదరదు.

ఇక వయసు. గంటర్ మూడేళ్లు వాడి వదిలేసిన ఓడ. మన నౌకాదళంలో 1981లో చేరిన సముద్ర సర్వే నౌక ‘ఐఎన్‌ఎస్ సంధాయక్’ 2021 దాకా, అంటే 40 ఏళ్లు పనిచేశాకే సెలవు తీసుకుంది. ఫిషరీ సర్వే ఆఫ్ ఇండియా విశాఖ కేంద్రానికి అలాంటి ఓడ ఇవ్వజూపితే, ముందు డ్రైడాక్‌లో అల్ట్రాసోనిక్ గేజ్‌తో ప్లేట్ల మందం కొలిపించాలి. తర్వాత సముద్రంలో హైడ్రోఫోన్ దింపి, 3 నుంచి 10 నాట్ల దాకా దాని మోత రికార్డు చేయాలి. విన్చ్‌లకు టెండరు పిలవడం ఆ రెండు కాగితాలూ చేతికొచ్చాకే.

— ఒక విశ్రాంత మెరైన్ ఇంజినీరు, విశాఖపట్నం