ఎంవీపీ ఆడ్స్ పక్కన శాతాలు కూడా వేయండి

సంపాదకులు గారికి,

అమెరికన్ ఫుట్‌బాల్ ఫైనల్ సూపర్ బౌల్ దగ్గరపడితే చాలు, క్రీడా పేజీల్లో "మోస్ట్ వాల్యుబుల్ ప్లేయర్ (ఎంవీపీ, అంటే ఆ ఆటలో అత్యుత్తమ ఆటగాడు) ఎవరు?" అంటూ కొన్ని పేర్లూ, వాటి పక్కన ప్లస్ 125, ప్లస్ 900 లాంటి పందెం ధరల (ఆడ్స్) అంకెలూ అచ్చవుతుంటాయి. ఆ అంకెలు ఏం చెబుతున్నాయో మాత్రం ఎక్కడా ఉండదు. 2018 మే నెలలో అమెరికా సుప్రీంకోర్టు క్రీడా పందేలకు అడ్డుగా ఉన్న ఫెడరల్ చట్టాన్ని కొట్టేసింది. ఆ తర్వాత చాలా రాష్ట్రాల్లో ఇవి చట్టబద్ధమయ్యాయి. అక్కడున్న తెలుగువాళ్లు ఈ పట్టిక చూసి ఫోన్‌లో నిజంగానే డబ్బు పెడతారు కాబట్టి ఈ ఉత్తరం.

ముందు లెక్క. ప్లస్ 125 అంటే 100 డాలర్లు పెట్టి గెలిస్తే 125 లాభం, పెట్టిన 100 కూడా వెనక్కి వస్తుంది. దాన్ని శాతంలోకి మార్చాలంటే ఆ అంకెకు 100 కలిపి, వచ్చిన మొత్తంతో 100ను భాగించాలి. 100ను 225తో భాగిస్తే 44.4 శాతం. మైనస్ 130 అయితే 100 లాభం కోసం 130 పెట్టాలి. 130ని 230తో భాగిస్తే 56.5 శాతం. ఆ ఆటగాడు కనీసం అన్ని శాతం సార్లు గెలిస్తేనే పందెం గిట్టుబాటు అవుతుంది. ఇవి అవకాశాల అంచనాలని చాలామంది అనుకుంటారు. నిజానికి ఇవి బుకీ తన కోత కలుపుకొని పెట్టిన ధరలు.

ఆ కోత ఎంతో తెలియాలంటే పట్టిక మొత్తాన్ని కూడాలి. ఊహకు ఒక పట్టిక రాసుకుందాం. మొదటి జట్టు క్వార్టర్‌బ్యాక్ (బంతి విసిరి ఆట నడిపేవాడు) ప్లస్ 125, రెండో జట్టు క్వార్టర్‌బ్యాక్ ప్లస్ 190, మొదటి జట్టు రన్నింగ్ బ్యాక్ (బంతితో పరిగెత్తేవాడు) ప్లస్ 900, రిసీవర్ (విసిరిన బంతి పట్టేవాడు) ప్లస్ 1400, రెండో జట్టు రిసీవర్ ప్లస్ 1600, రన్నింగ్ బ్యాక్ ప్లస్ 1800. ఆ కింద ప్లస్ 5000 దగ్గర నలుగురు డిఫెన్స్ ఆటగాళ్లు, ప్లస్ 10000 దగ్గర మరో ఇరవై మంది. శాతాలు కూడితే 134 దాటుతుంది. గెలిచేది ఒక్కడే కాబట్టి అసలు 100కు మించకూడదు. ఆ పైనున్న 34 బుకీ భాగం. అందరి మీదా ఆ శాతాల నిష్పత్తిలో డబ్బు పడిందనుకుంటే, అతని చేతికొచ్చిన ప్రతి 100 డాలర్లలో 25 పైచిలుకు మిగిలిపోతుంది. అదే మ్యాచ్‌లో ఏ జట్టు గెలుస్తుందన్న మనీలైన్ పందెం మైనస్ 130, ప్లస్ 110 ఉంటే మొత్తం 104 మాత్రమే, కోత నాలుగు డాలర్ల లోపు. ఒకే ఆట, ఒకే సాయంత్రం, ఒకే యాప్. కోత మాత్రం ఆరు రెట్లు.

ఎంవీపీ పందేన్ని జట్టు గెలుపు నుంచి విడదీసి చూడటమే అసలు పొరపాటు. 2025 ఫిబ్రవరి దాకా జరిగిన 59 సూపర్ బౌల్స్‌లో ఓడిన జట్టు ఆటగాడికి ఈ బహుమతి ఒక్కసారే దక్కింది. 1971 జనవరిలో డల్లాస్ కౌబాయ్స్ డిఫెన్స్ ఆటగాడు (లైన్‌బ్యాకర్) చక్ హౌలీకి. ఓడినవాడు ఎంత బాగా ఆడినా అంతే. 2018లో టామ్ బ్రాడీ 505 గజాలు విసిరి (అంటే విసిరిన బంతులతో జట్టును అంత దూరం ముందుకు నడిపి) ఓడాడు, బహుమతి గెలిచిన క్వార్టర్‌బ్యాక్ నిక్ ఫోల్స్‌ది. 2023లో జేలెన్ హర్ట్స్ 304 గజాలు విసిరి, బంతితో పరిగెత్తి మూడు టచ్‌డౌన్లు (బంతిని ప్రత్యర్థి గోల్ లైన్ దాటించడం) చేసి 38–35 తేడాతో ఓడాడు. 182 గజాలు విసిరిన పాట్రిక్ మహోమ్స్ ట్రోఫీ ఎత్తుకున్నాడు. కాబట్టి లెక్క రెండు మెట్లలో వేయాలి: జట్టు గెలిచే అవకాశం, గెలిస్తే ఆ జట్టులో ఈ మనిషికే వచ్చే అవకాశం. రెండింటినీ గుణించాలి.

మొదటి మెట్టు మనీలైన్ నుంచే దొరుకుతుంది. పైన చెప్పిన మైనస్ 130, ప్లస్ 110 శాతాలు 56.5, 47.6. వాటి మొత్తంతో భాగించి కోత తీసేస్తే 54.3, 45.7 వస్తాయి. రెండో మెట్టుకు చరిత్ర చూడాలి. 59 ఆటల్లో 34 సార్లు క్వార్టర్‌బ్యాక్‌కే వచ్చింది. 2007 నుంచి 2025 దాకా చూస్తే 19లో 14. ఆట విసురుడు వైపు మొగ్గిన ఈ రోజుల్లో గెలిచిన క్వార్టర్‌బ్యాక్‌కు 70 శాతం ఇవ్వడం సబబు. 54.3లో 70 శాతం అంటే 38. దానికి న్యాయమైన ధర ప్లస్ 163. పట్టికలో ఇస్తున్నది ప్లస్ 125. 100 పెడితే సగటున వెనక్కి వచ్చేది 85 డాలర్లు. అదే 100 ఆ జట్టు మనీలైన్ మీద పెడితే 96. క్వార్టర్‌బ్యాక్ మీద గట్టి నమ్మకం ఉన్నవాడు కూడా జట్టు మీద పెట్టుకోవడమే మేలు. ఎంవీపీ ధర ప్లస్ 163 దాటితేనే ఆలోచించాలి.

మిగతా స్థానాల దగ్గర జనం భావోద్వేగంతో డబ్బు పోగొట్టుకుంటారు. రన్నింగ్ బ్యాక్‌నే తీసుకోండి. 1998లో టెరెల్ డేవిస్ తర్వాత 2025 దాకా ఒక్కరికీ రాలేదు. 2025 ఆటకు ముందు హర్ట్స్ జట్టు రన్నింగ్ బ్యాక్ సాక్వాన్ బార్క్లీ సీజన్లో 2,005 గజాలు పరిగెత్తి ఉన్నాడు. ఫైనల్లో ప్రత్యర్థి డిఫెన్స్ అతన్నే కాచుకుని 25 పరుగుల్లో 57 గజాలకు కట్టేసింది. ఆ ఖాళీలో హర్ట్స్ విసిరాడు, తానే పరిగెత్తాడు, బహుమతీ పట్టుకెళ్లాడు. గోల్ లైన్ దగ్గర క్వార్టర్‌బ్యాకే బంతి పట్టుకుని తోసుకుపోయే జట్టులో రన్నింగ్ బ్యాక్ టచ్‌డౌన్లు అతని జేబులోకి పోతాయి. ఇది చూడకుండా రన్నింగ్ బ్యాక్ మీద పెట్టకూడదు.

రిసీవర్ల కథ వేరు. రిసీవర్ పట్టిన ప్రతి టచ్‌డౌన్ విసిరినవాడి ఖాతాలోనూ పడుతుంది. అందుకే మామూలు మంచి ఆట చాలదు. 59లో ఎనిమిది మందికే వచ్చింది. 2019లో జూలియన్ ఎడెల్‌మన్ 10 క్యాచ్‌లు, 141 గజాలు. ఆ ఆట 13–3, బ్రాడీ ఒక్క టచ్‌డౌన్ కూడా విసరలేదు. 2009లో శాంటోనియో హోమ్స్ 131 గజాలతో పాటు ఇంకా 35 సెకన్లుండగా గెలుపు టచ్‌డౌన్ పట్టాడు. అంటే క్వార్టర్‌బ్యాక్ అంకెలు చప్పగా ఉండాలి, లేదా చివరి ఘట్టం రిసీవర్ చేతిలో ముగియాలి. రెండు జట్ల మొత్తం స్కోరు అంచనా తక్కువగా ఉన్న ఆటల్లో మొదటిది జరిగే వీలు పెరుగుతుంది, అప్పుడు క్వార్టర్‌బ్యాక్‌కు ఇచ్చిన 70ని కాస్త తగ్గించుకోవాలి. ప్రత్యర్థుల్ని అడ్డుకుంటూనే బంతి కూడా పట్టే టైట్ ఎండ్‌కు 2025 దాకా ఎన్నడూ రాలేదు, ఎంత పేరున్నవాడైనా సరే. మరోవైపు 2017లో రన్నింగ్ బ్యాక్ జేమ్స్ వైట్ 14 క్యాచ్‌లు పట్టి, 20 పాయింట్లు చేసి, ఓవర్‌టైమ్‌లో గెలుపు టచ్‌డౌన్ కొట్టినా 466 గజాలు విసిరిన బ్రాడీకే ఇచ్చారు. ఆ రోజు వైట్ మీద పెట్టినవాళ్ల బాధ అర్థం చేసుకోదగ్గదే.

డిఫెన్స్‌కు తొమ్మిది ఆటల్లో వచ్చింది, అంటే 15 శాతం. బాగానే ఉన్నట్టుంది కదా? కానీ ఆ 15ను రెండు జట్ల ఇరవై ఇద్దరికి పంచాలి. ఒక్కొక్కరికి ఒక శాతం కూడా రాదు. ప్లస్ 5000 గిట్టాలంటే 1.96 శాతం కావాలి. పైగా గెలిచినవాళ్లందరూ ముందే ఊహించదగ్గవాళ్లు కారు. 2016లో వాన్ మిల్లర్ పెద్ద పేరే. రెండున్నర శాక్‌లు (బంతి విసరకముందే క్వార్టర్‌బ్యాక్‌ను పడగొట్టడం) చేశాడు, రెండు ఫంబుల్స్ (ప్రత్యర్థి చేతిలోంచి బంతి జారిపోవడం) రాబట్టాడు, తన జట్టు క్వార్టర్‌బ్యాక్ పేటన్ మానింగ్ 141 గజాలకే పరిమితమయ్యాడు. కానీ 2014లో మాల్కమ్ స్మిత్, 1996లో ల్యారీ బ్రౌన్ ముందురోజు పట్టికలో ఎవరి కంటా పడే పేర్లు కావు. బంతి ఎవరి చేతుల్లోకి ఎగిరొస్తుందన్నది ఎవరి లెక్కకూ అందదు.

ఓటింగ్ సంగతి కూడా రాయాలి. మీడియా ప్యానెల్‌కు 80 శాతం, అభిమానుల ఆన్‌లైన్ ఓటుకు 20 శాతం బరువు. ఓట్లు ఆట పూర్తిగా ముగిసేదాకా ఆగవు, నాలుగో క్వార్టర్లోనే మొదలవుతాయి. చివరి క్వార్టర్లో జరిగినది ఓటరు కళ్ల ముందు తాజాగా ఉంటుంది, మొదటి క్వార్టర్ ఇంటర్‌సెప్షన్ (విసిరిన బంతిని ప్రత్యర్థి పట్టేయడం) వెనక్కి పోతుంది. 2020లో మహోమ్స్ రెండు ఇంటర్‌సెప్షన్లు ఇచ్చాక పుంజుకుని గెలిచి బహుమతి అందుకున్నాడు. 104 గజాలు పరిగెత్తిన డేమియన్ విలియమ్స్‌ను పక్కన పెట్టారు.

జట్టు ఫైనల్ చేరకముందే ఎంవీపీ పందెం టికెట్ కొనేవాళ్లకు మూడో మెట్టు ఒకటుంటుంది. కాన్ఫరెన్స్ ఫైనల్ (సెమీఫైనల్ లాంటిది) గెలిచే అవకాశం 60, సూపర్ బౌల్ గెలిచే అవకాశం 52, గెలిస్తే క్వార్టర్‌బ్యాక్‌కు వచ్చేది 70 శాతం అనుకుంటే మూడూ గుణించి 21.8. న్యాయమైన ధర ప్లస్ 358. ప్లస్ 300 చూసి "మూడింతలు" అని మురిసిపోతే నష్టమే. జట్టు ఫైనల్‌కు రాకపోతే డబ్బు తిరిగి రాదు. ఆటగాడు గాయంతో దిగకపోతే కొన్ని చోట్ల వెనక్కి ఇస్తారు, కొన్ని చోట్ల ఇవ్వరు. ఆ నిబంధన పెట్టేముందే చదువుకోవాలి.

అలాంటి టికెట్ చేతిలో ఉన్నవాళ్లు ఫైనల్ రోజు ఎదుటి జట్టు మనీలైన్ కొని "రక్షణ" అనుకుంటారు. మొదటి జట్టు క్వార్టర్‌బ్యాక్ మీద ప్లస్ 300 దగ్గర 100, ఎదుటి జట్టు మీద ప్లస్ 110 దగ్గర 140 పెట్టారనుకోండి. క్వార్టర్‌బ్యాక్‌కు ఎంవీపీ వస్తే 160 లాభం, ఎదుటి జట్టు గెలిస్తే 54 లాభం. మొదటి జట్టు గెలిచి ట్రోఫీ రిసీవర్‌కు పోతే 240 నష్టం. రెంటికీ చెడ్డ రేవడి. గెలిచే ఆటల్లో పదింట మూడు సార్లు జరిగేదే ఇది.

యాప్‌లు ఇచ్చే "ప్రాఫిట్ బూస్ట్" ఒక్కటే అప్పుడప్పుడు లెక్కను మనవైపు తిప్పుతుంది. 50 శాతం బూస్ట్ లాభానికే వర్తిస్తుంది, ప్లస్ 125 కాస్తా 187.5 అవుతుంది. 38 శాతం అవకాశానికి 100 పెడితే సగటున 109 వస్తుంది. కానీ అలాంటివాటికి పరిమితి ఉంటుంది. 25 డాలర్లకు మించి ఒప్పుకోకపోతే సగటు లాభం రెండు డాలర్ల ముప్పై సెంట్లు. పార్టీ మధ్యలో ఒక సోడాకు సరిపోతుంది. బూస్ట్ లేకుండా ప్లస్ 180 దొరికినా, ఎంత పందెం పెట్టాలో చెప్పే కెల్లీ సూత్రం ప్రకారం మొత్తం పందెం సొమ్ములో 3.6 శాతమే పెట్టాలి. 70 అన్నది మన అంచనా కాబట్టి అందులో నాలుగో వంతు, అంటే వెయ్యి డాలర్లకు 9. గెలిచిన సొమ్ము యాప్ నుంచి ఏ పన్ను కాగితం రాకపోయినా ఫెడరల్ రిటర్నులో చూపాల్సిందే. 2026 నుంచి నష్టాల్లో 90 శాతం దాకానే మినహాయింపు, అదీ మినహాయింపులను విడివిడిగా చూపే (ఐటమైజ్ చేసే) వాళ్లకే.

ఇద్దరికి కలిపి ఇస్తే? 1978లో రాండీ వైట్, హార్వీ మార్టిన్‌లకు ఇచ్చారు. ఆ పక్షంలో డెడ్ హీట్ నిబంధన వర్తించే చోట పెట్టిన సొమ్ము సగమైపోతుంది. ప్లస్ 900 దగ్గర 100 పెట్టినవాడికి 1,000 కాక 500 చేతికొస్తుంది.

కాబట్టి వచ్చే ఫిబ్రవరిలో పట్టిక వేసేటప్పుడు ప్రతి పేరు పక్కన శాతం గడి ఒకటి, అడుగున ఆ శాతాల మొత్తం, దాని పక్కనే అదే మ్యాచ్ మనీలైన్ మొత్తం వేయించండి. నాలుగు అంగుళాల కాలమ్‌లో పడతాయి.

మీ పాఠకుడు