నీ గండికోట ఫొటో

చిన్నీ,

నిన్న ఫోన్‌లో నీ గండికోట ఫొటో గురించి "బాగుంది గానీ, ఏదో తక్కువైంది" అన్నాను. నీ గొంతు చిన్నబోయింది. రాత్రంతా అదే మనసులో మెదిలింది. ఏం తక్కువైందో చెప్పకుండా ఊరికే అలా అనేయడం నా తప్పే తల్లీ.

పొద్దున్నే పెద్ద స్క్రీన్ మీద పెట్టి చూశాను. పెన్నా లోయ అంచున ఎర్ర బండల మీద తొలి ఎండ పడే ఆ కాసేపటిని భలే పట్టుకున్నావు. చీకట్లో లేచి వెళ్లిన కష్టం ఊరికే పోలేదు. ఇక నాకు అడ్డు తగిలినవి చెబుతాను. ఫ్రేములో సగం ఆకాశమే, అందులో ఒక్క మబ్బు లేదు. సూర్యుడి వైపు మూల పూర్తిగా తెల్లబోయింది. ఒక స్టాప్ తక్కువ ఎక్స్‌పోజర్ ఇచ్చి, అంటే వెలుతురు సగానికి తగ్గించి, నీడల్ని తర్వాత కాస్త పైకి తెచ్చుకోవచ్చు. దగ్గరున్న బండ మసకగా ఉంది. ట్రైపాడ్ ఉంది కదా, లెన్స్ కన్ను చిన్నదయ్యేలా ఎపర్చర్ ఎఫ్ 11కి తెచ్చి, ఫోకస్ ఆ బండకు కాస్త అవతల పెట్టి చూడు.

నేను స్టూడియోలో పని నేర్చుకునే రోజుల్లో ఒక చెరువు ప్రింటు తీసుకెళ్తే, మా గురువుగారు ముందు "నీకు అక్కడ ఏం నచ్చిందిరా?" అని అడిగారు. గట్టు మీద నడిచిపోతున్న మనిషి అన్నాను. ఎల్ ఆకారంలో కత్తిరించిన రెండు నల్ల అట్టముక్కలు ప్రింటు మీద పెట్టి, మెల్లగా దగ్గరికి జరిపారు. కరెంటు స్తంభం పోయింది, చెట్టు కొమ్మ పోయింది. ఆ మనిషి ఒక్కసారిగా కంటికి ఆనాడు. అదే ప్రింటును ఒక పోటీలో న్యాయనిర్ణేత "క్యాలెండర్ బొమ్మ" అని పక్కన పడేశాడు. ఆరు నెలలు కెమెరా ముట్టుకోలేదు. ఆయనకు ఏం నచ్చలేదో నాకు ఇవాళ్టికీ తెలియదు.

నీ స్నేహితురాలు తీసిన వంజంగి కొండ మబ్బుల ఫొటో చూసి ఆమెతో "కలర్స్ ఓవర్" అన్నావట. ఆమెను ముందు అడిగి ఉండాల్సింది. ఆ పసుపు ఎందుకు పెంచిందో విన్నాక, దానివల్ల మబ్బు మెత్తదనం ఎక్కడ పోయిందో వేలు పెట్టి చూపించు.

నేను అన్నానని ఆకాశాన్ని కత్తిరించేయకు. అమెరికా ఫొటోగ్రాఫర్ ఆన్సెల్ ఆడమ్స్ 1941లో న్యూ మెక్సికోలో తీసిన చంద్రోదయం నెగటివ్‌ను దశాబ్దాల పాటు మళ్లీ మళ్లీ ప్రింటు చేశాడు. మొదటి ప్రింట్లలో పలచని మబ్బులు కనిపించే ఆకాశం, తర్వాతి వాటిలో దాదాపు నల్లగా మారింది. ఎంత నలుపు కావాలో తేల్చుకున్నది ఆయనే.

కెమెరా నుంచి నేరుగా వచ్చిన, ఏ మార్పూ చేయని రా (RAW) ఫైలు పంపు. ఆదివారం ఇద్దరం కూర్చుని చూద్దాం. ఈసారి నేను నోరు మెదపను. ఆ ఖాళీ ఆకాశంలో నీకేం నచ్చిందో నువ్వే ముందు చెప్పు.

నాన్న